ఆగాల్సిన సాంచా

లాక్‌డౌన్‌లో సూరత్ మిల్లులన్నీ మూతపడినప్పుడు, పాండేసరాలోని మా ఒంటిగది ఇంట్లో బియ్యం డ్రమ్ము మూతే నా ఆఫీసు. దాని మీద ల్యాప్‌టాప్, పక్కనే మరమగ్గానికి బిగించే పాత ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి. మరమగ్గాన్ని మా ఇంట్లో సాంచా అంటారు. నాన్న, అదే మా బాపు, పుట్టింది సిరిసిల్ల వైపు, బతికిందంతా సాంచాల మధ్యే. పోగు తెగగానే సాంచాను ఆపేది ఆ బోర్డే. దానికి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం.

కొత్త బోర్డుల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌నే పాతవాటిలోనూ ఎక్కించాలని, మిల్లులు తెరిచేలోగా అయిపోవాలని హుకుం. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చే టెస్టులు కొత్త బోర్డు మీద పచ్చగా ఉన్నాయి. పాతదాని మీద నడిపితే తెరంతా ఎరుపు. మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే చిరునామాను మేం పాయింటర్ అంటాం. కొత్త బోర్డులో అది ఎనిమిది బైట్లు, పాతదాంట్లో నాలుగే. టెస్టులు రాసిన మహానుభావుడు లోకంలోని యంత్రాలన్నిటికీ ఎనిమిదే అనుకుని, ఆ అంకెను ఎక్కడ పడితే అక్కడ వాడేశాడు.

మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయనది గుంటూరు.

“తప్పు టెస్టులదేగా అమ్మా, సాఫ్ట్‌వేర్‌ది కాదుగా? పాత బోర్డుకి ఆ టెస్టులు తీసేసి పంపించెయ్.”

నాకు ఒళ్లు మండింది. బాపు నడిపే సాంచాలకున్నవి ఆ పాత బోర్డులే. పోగు తెగితే సాంచా ఆగుతుందన్న నమ్మకంతోనే ఆయన లోపల చెయ్యి పెడతాడు.

“తియ్యను సార్, తిరగరాస్తాను” అని ఫోన్ పెట్టేశాను.

ఎనిమిది కనబడిన ప్రతిచోటా దాన్ని చెరిపేసి, ‘నీ పాయింటర్ ఎంత?’ అని ఏ బోర్డు మీద నడిస్తే ఆ బోర్డునే అడిగేలా మార్చుకుంటూ పోయాను. పని లేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న బాపు వచ్చి తొంగిచూశాడు.

“ఏంది బిడ్డా, పొద్దుగాల సంది గా ఒక్క అంకెతోని కొట్లాడుతున్నవ్?”

నీ చేతి కోసమే అనుకుంటూ ఇంకో ఎనిమిదిని చెరిపాను.

ఎరుపు ఒక్కొక్కటే పచ్చబడింది. పోగు తెగితే సాంచా ఆగుతుందో లేదో చూసే టెస్టు మాత్రం మొండికేసింది. ఇక అసలు సాఫ్ట్‌వేర్‌నే తెరిచి చూశాను. అందులోనూ అదే ఎనిమిది! పాత బోర్డు మీద అది తప్పు చోట చదివి, తెగిన పోగు కూడా బాగానే ఉందనుకుంటోంది. టెస్టులు తీసేసి ఉంటే ఇది అలాగే మిల్లుకు వెళ్లేది. సరిచేసి మేనేజరుకు చూపిస్తే, ఏ టెస్టూ తియ్యొద్దని ఆయనే అన్నాడు.

మిల్లు తెరిచి, పాత బోర్డులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజున బాపుకు ఫోన్ చేశాను. ఊళ్లకు పోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు. షెడ్డులో నడుస్తున్నది ఆయన సాంచా ఒక్కటే.

“బాపూ, ఒక పోగు తెంపు!” ఆ మోతలో గొంతు చించుకుని అరిచాను.

“నడిచే సాంచాల పోగు తెంపాల్నా? పిచ్చి లేసిందా ఏంది నీకు?”

తెగిన పోగు అతకడమే తప్ప, కావాలని తెంపడం ఆయన ఎరగడు.

“జర తెంపు బాపూ. వెనకకెల్లి. చెయ్యి లోపల పెట్టకు.”

గొణుక్కుంటూ వెళ్లాడు. చెవిలో దడదడ మోత. ఫోన్ చెవికి నొక్కిపెట్టి విన్నాను. ఒక్కసారిగా మోత ఆగిపోయింది. మిల్లులోంచి బాపు నాతో అరవకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

“ఆగింది బిడ్డా. ఇగ అతకాల్నా?”