ఎనిమిది వందల గ్రాముల తేడా

“రెండేళ్ళు గ్యారంటీ అని రాస్తున్నావు, అప్పటిదాకా నువ్వుంటావా?”

డయాలసిస్ సెంటర్ మేనేజరు ఈ మాట అడిగేటప్పటికి కాటా మేస్త్రి అక్కడి రోగుల బరువు చూసే కాటాను బాగుచేసి, దాని వీపున తన స్టిక్కరు అంటిస్తున్నాడు. ఆ సెంటర్లో తనూ రోగే. వారానికి మూడు పూటలు అక్కడి మంచం మీద నాలుగేసి గంటలు పడుకుంటాడు.

“కాటా ఉంటుందండీ. గ్యారంటీ దానికే,” అన్నాడు.

పక్కనున్న సిస్టరు నొచ్చుకుంది గానీ మేస్త్రి నొచ్చుకోలేదు. కిడ్నీలు చెడిన దగ్గర్నుంచి జనం తన చెవిలో పోసిన ధైర్యవచనాలకన్నా ఈ ప్రశ్న నయమనిపించింది. దీనికి కనీసం జవాబు ఉంది. పెదనాన్న కొడుకొకాయన పలకరించడానికొచ్చి, “మనసు గట్టిగా ఉంటే రోగం ఏం చేస్తుందిరా,” అంటే, “మనసు గట్టిగానే ఉందన్నయ్యా, కిడ్నీలే మాట వినట్లేదు,” అని కుర్చీ చూపించాడు.

రోగంతో పోరాటం అని పెద్దలు వాడే మాట అతనికి ఎక్కదు. మూడు పూటలు దానికి రాసిచ్చి, మిగిలిన రోజులు కొట్ల వెంట తిరుగుతాడు. కాటాలు విప్పుతాడు, దుమ్ము దులుపుతాడు, ముద్ర వేసిన తూకపురాళ్ళు పెట్టి సరిచూస్తాడు. ఎడమ చేతి మీదే సూదులు గుచ్చుతారు కాబట్టి ఆ చేత్తో బరువెత్తకూడదు. ఇరవై కిలోల రాయిని కుడిచేత్తోనే ఎత్తడం నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది, ఒక కాలి బొటనవేలు నలిగింది.

అసలు కష్టం నీళ్ళతో. రోజుకు ఏడు వందల మిల్లీలీటర్లు. మాత్రలకూ, రెండు టీలకూ, దాహానికీ అన్నిటికీ అవే. పొద్దున్నే భార్య ఒక సీసాలో కొలిచి పోస్తుంది. దాని మీద గోళ్ళరంగుతో గీతలు గీసి ఉంటాయి. సెంటర్లో బరువు చూసి, పెరిగినదంతా నీరే కాబట్టి ఆ మేరకు మెషిన్ మీద లాగేస్తారు.

గ్యారంటీ రాసిన రెండో ఏడు ఎండాకాలంలో గచ్చు బాగుచేయిస్తూ కాటాను సిస్టరు టేబులు పక్కకు ఈడ్చారు. అప్పట్నుంచి మేస్త్రి బరువు వంకర్లు పోయింది. ఒకరోజు మామూలుగా ఉంటే ఇంకోరోజు ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ. ఎక్కువ చూపినరోజు ఎక్కువ లాగేవాళ్ళు. ఆ రాత్రి పిక్కలు పట్టేసేవి, మర్నాడు రాయి కాదుగదా రెంచీ కూడా లేచేది కాదు.

“మేస్త్రిగారూ, దొంగనీళ్ళు తాగుతున్నారు,” అంది సిస్టరు.

“లేదమ్మా.”

“బరువు అబద్ధమాడుతుందా?”

కాటాలతో బతికేవాడు ఆడుతుందని ఎలా అంటాడు? ఇంటికొస్తే భార్య సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

“నేను గీత మేరకే పోశానండీ. మరి ఎక్కడ తాగుతున్నారు? కొట్లో ఎవడైనా పోస్తున్నాడా?”

“ఒట్టు, తాగలేదు.”

“ఒట్లు మనిద్దరికీ కొత్త కాదు.”

రెండు నెలలు ఇలాగే సాగింది. చివరికి డాక్టరు, వచ్చే వారం నుంచి ఐదు వందలే అన్నాడు. అంటే మధ్యాహ్నం బజార్లో తాగే టీ పోయినట్టే. నీళ్ళకన్నా ఆ టీ పోవడమే మేస్త్రికి ఎక్కువైంది. ఆ పది నిమిషాలూ బల్ల మీద కూర్చుని అందరిలాగా గ్లాసు పట్టుకునేవాడు, అంతకుమించి సుఖం అతనికి మిగల్లేదు.

ఇక్కడ మేస్త్రి తెలివితక్కువతనం గురించి చెప్పుకోవాలి. మరో మెకానిక్ స్టిక్కరున్న కాటా అయితే రెండో రోజే విప్పి చూసేవాడు. స్టిక్కరు తనది. అందుకని తన చేతిపనిని వదిలేసి తన నోటినే అనుమానించాడు. నిద్రలో లేచి తాగుతున్నానేమోనని వంటింటి తలుపుకు గొళ్ళెం పెట్టించాడు కూడా.

డాక్టరు చెప్పిన గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి. బరువు చూసుకుంటుండగా జేబులో ఫోన్ మోగింది. తీయడానికి కుడికాలి మీదికి ఒరిగాడు. అంకె తగ్గింది. మళ్ళీ ఎడమకు, టేబులు వైపు ఒరిగాడు. పెరిగింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. వెనక బరువు చూసుకోవాల్సిన డ్రిల్లు మాస్టారు, “ఏమయ్యా, డాన్సు నేర్చుకుంటున్నావా?” అన్నాడు.

మర్నాడు సంచీలో ఇరవై కిలోల రాయితో లిఫ్టులో వచ్చాడు.

“ఇదేం తెచ్చారండీ మేస్త్రిగారూ?” అంది సిస్టరు.

“సాక్షి,” అన్నాడు.

రాయిని నడిమధ్యన పెట్టాడు. ఇరవై. ఎడమ మూలకు జరిపాడు. ఇరవై మీద పావు.

“ఇరవైకి పావుకిలో తేడా. నా బరువు దానికి మూడింతల పైన, అంటే ఎనిమిది వందల గ్రాములు. నేను ఏ పక్కన నుంచుంటే ఆ బరువు చూపిస్తోందమ్మా. రోజూ ఒకేలా తప్పు చెప్పే కాటాతో కాపురం చెయ్యొచ్చు, దీంతో కుదరదు.”

సిస్టరు రాయినీ, అంకెనీ, అతన్నీ చూసింది. “అయితే రద్దీ లేనిరోజు కాటా మీదే నా టేబులు వైపు ఒరిగి కబుర్లు చెప్తారు చూడండి, అప్పుడే ఎక్కువ చూపించేది,” అంది మెల్లగా. తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది. ఏడు వందలూ ఏడు వందలుగానే ఉండిపోయాయి.

కాటా విప్పితే, ఎడమ మూలలోని సర్దుబాటు మర ఈడ్చినప్పటి కుదుపుకు సడలి ఉంది. అరగంట పని. ఇంటికెళ్ళి చెప్తే భార్య వంటింటి గొళ్ళెం తీస్తూ అడిగింది.

“అయితే నిజంగానే తాగలేదన్నమాట.”

“లేదు.”

“ఒక్క గుక్క కూడా?”

“ఒకసారి కూల్‌డ్రింకుల కొట్లో ఐసుముక్క నోట్లో వేసుకున్నా.”

“ఎంత?”

“ముప్ఫై గ్రాములుంటుంది.”

మర్నాడు పొద్దున భార్య సీసాలో గీతకు కాస్త కిందికి పోసింది.

మేనేజరు మాత్రం బిల్లు తిప్పి పంపాడు. “గ్యారంటీలో ఉంది కదయ్యా, ఇంకా మూడు వారాలు.”

“తూకానికిచ్చానండీ గ్యారంటీ, ఈడ్చినందుకు ఇవ్వలేదు.”

“చూద్దాంలే.”

ఆ గ్యారంటీ తీరిపోయి ఇప్పటికి ఏడు నెలలు. మేస్త్రి వారానికి మూడు పూటలు అదే కాటా మీద, సరిగ్గా మధ్యలో నుంచుంటున్నాడు. మర బిగించిన కూలి నాలుగు వందలు ఇంకా రావాలి.