పరుగెత్తి పుట్టింటికి

అహల్యకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇంతకాలంలో ఆమె పుట్టింటికి పోతానని బెదిరించినన్నిసార్లు నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులు కూడా తిరిగి ఉండవు. ఆ రోజు తగువు దోసెల పిండి దగ్గర మొదలైంది. గాజుల కొట్టు తాళాలు వెతుక్కుంటున్న భర్త నరసింహం తలెత్తకుండానే, "ఏ బస్సుకు పోతాండావో చెప్పు, టిఫిన్ కట్టిస్తా" అన్నాడు.

"బస్సెందుకు? పరుగెత్తి పోతా."

అన్నాక వెనక్కి తగ్గడం ఆమె వంశంలో లేదు. పైగా ఫోన్లో చూస్తే అమ్మ గడప దాకా అటూ ఇటుగా నలభై రెండు కిలోమీటర్లు. మారథాన్ దూరమే. పదహారు వారాల శిక్షణ ప్లాన్ ప్రింటు తీయించింది. మొదటి పేజీ ముందుమాటలా కనిపించింది. ముందుమాటలు ఎవరు చదువుతారు? పేజీ తిప్పేసి, మొదటి ఆదివారం గడిలో ఉన్న పన్నెండు కిలోమీటర్లకు తెల్లారగానే బయలుదేరింది.

అయ్యలూరు మెట్ట దాటేసరికి కుడి మోకాలు మొరాయించింది. తిరుగు బస్సు ఎక్కింది. కండక్టర్ ప్రసన్నకుమారి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొడుతూ, "యాడికక్కా?" అంది.

"ఇంటికి."

"పుట్టింటికని బజారంతా అంటాండారే. ఇది ఎదురు బస్సక్కా."

మోకాలు వాచింది. డాక్టరు రెండు వారాలు పరుగు మాటెత్తొద్దన్నాడు. ఇప్పుడు పోలేకపోతే ఇక ఈ జన్మలో తన బెదిరింపుకు విలువ ఉండదని అహల్య దిగులు.

గాజుల పెట్టెల మీది చిన్న అక్షరాలు కూడా వదలని నరసింహం ఆ కాగితాలు తీసుకుని మొదటి పేజీ చదివాడు.

"ఈడ చూసినావా? వారానికి నాలుగు రోజులు, ఐదేసి కిలోమీటర్లు ఆయాసం లేకుండా పరుగెత్తేవాళ్లకే ఈ ప్లానంట. మిగతావాళ్లు ముందు మూడు నెలలు నిదానంగా అలవాటు చేసుకోవాలంట. మాట్లాడుకుంటా పోగలిగితేనే అది సరైన వేగమంట."

"మాట్లాడేకి నా పక్కన ఎవరుండారు?"

మోకాలు నయమయ్యాక నరసింహం స్కూటర్ తీశాడు.

ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పక్కన నత్తలా స్కూటర్. మాటలకు కొదవ లేదు. మొదటి వారమంతా ఆడపడుచు పెళ్లిలో తనకు పెట్టిన చీర రంగు గురించే. ఆయాసంతో అహల్య మాట మింగిందంటే నరసింహం, "తిట్టు ఆగింది, నడువు" అనేవాడు. ఊపిరి అందగానే ఆమె విడిచిన చోటి నుంచే అందుకునేది. విశ్రాంతి రోజుల్లో ఇల్లు బోసిపోయేది.

పన్నెండో వారం చివర, నాలుగో కిలోమీటరులో, అహల్య ఉన్నట్టుండి మాట ఆపింది.

"ఆయాసమా?"

"కాదు. మిమ్మల్ని తిట్టేకి ఇంకేం మిగల్లేదు."

నరసింహం కాసేపు ఆలోచించాడు. "నువ్వు మొదటిసారి చేసిన పాయసం మా అక్క పెరట్లో పారబోసింది, గుర్తుండాదా?"

ఆ సంగతి అహల్యకు ఇంతవరకూ తెలియదు.

ఐదో కిలోమీటరు ఎప్పుడు దాటిందో ఇద్దరికీ తెలియలేదు. ఆళ్లగడ్డ బస్సు పక్కన నెమ్మదించింది. ప్రసన్నకుమారి తల బయటపెట్టి, "యాడికక్కా?" అంది.

"పుట్టింటికే. ప్లాన్ రేపు మొదలు" అంది అహల్య, ఊపిరి తడబడకుండా. "పదహారు వారాలు పడుతుంది. ఆలోగా ఈయన ఆ పాయసం సంగతి తేల్చాల."