నేను నెలకోసారి వెళ్ళే మ్యూజియం

ఇది చదివాక కూడా నన్ను ఊరు చూపించమని అడిగే ధైర్యం మీలో ఎవరికైనా మిగిలితే, బూట్లు మాత్రం కాళ్ళకే ఉంచుకోండి. ఎందుకో చెబుతాను. తలచుకుంటే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌కి వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఊళ్ళో నాకు తెలిసినవి అపార్ట్‌మెంట్, ఆఫీసు, కూరగాయల కొట్టు. వాటికీ ఫోన్లో మ్యాప్ పెట్టుకునే వెళ్ళేవాణ్ణి. కానీ లంచ్‌లో కూర్చుంటే మాత్రం ఈ ఊరికి శంకుస్థాపన నేనే చేసినట్టు మాట్లాడేవాణ్ణి. అందుకే జపాన్ ఆఫీసు నుంచి తనాకా గారు వచ్చినప్పుడు మా టీమ్ లీడ్ రమేశన్న నన్నే పిలిచాడు.

"తమ్మీ, ఊరంతా నీకే ఎరుక గదా! సండే ఆయన్ని జర తిప్పి చూపెట్టు. మంచిగ చూస్కో. నీ కాంట్రాక్ట్ ఎక్స్‌టెన్షన్ సంగతి మండే మాట్లాడుకుందాం."

"డోంట్ వర్రీ అన్నా, నేను చూసుకుంటా కదా!"

తనాకా గారు యాభై దాటిన సన్నటి మనిషి. చేతిలో చిన్న నోట్‌బుక్. వాళ్ళదీ ఇలాంటి నిశ్శబ్దమైన చిన్న ఊరేనట. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే తనే దగ్గరుండి తిప్పి చూపిస్తారట. అంటే పేపర్లు దిద్దే మాస్టారే నా పక్క సీట్లో కూర్చున్నారన్నమాట. ఊరి మధ్య స్క్వేర్ చూపించాను. పది నిమిషాల్లో అయిపోయింది. ఇంకో వీధిలోంచి తిప్పి మళ్ళీ అదే స్క్వేర్ చూపించాను. మూడోసారి ఆయన, "ఈ బెంచీని మనం..." అని మర్యాదగా ఆగిపోయారు.

సరిగ్గా అప్పుడే ఒక వీధిలో తెల్లటి పాత ఇల్లు కనిపించింది. ముందు బోలెడు కార్లు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. జనం లోపలికి వెళ్తున్నారు. వరండాలో బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుంది. నా కంటికి అది టికెట్ కౌంటర్.

"ఇదేమిటి?" అని అడిగారు తనాకా గారు.

"మ్యూజియం. పాతకాలపు ఇల్లు. నేను నెలకోసారి వస్తుంటాను."

చూశారా, ఆ చివరి ముక్క ఎవరడిగారు నన్ను?

ఆవిడ టికెట్ అడగలేదు, ఆదివారం ఫ్రీ కాబోలనుకున్నాను. వరండాలో ఇద్దరం అలవాటుగా బూట్లు విప్పేశాం. ఈ విషయంలో మనకీ జపాన్ వాళ్ళకీ తేడా లేదు. మిగతావాళ్ళు బూట్లతోనే లోపలికి పోతున్నారు. "వీళ్ళకి పద్ధతులు తెలియవండీ," అన్నాను.

లోపల ప్రతి వస్తువుకీ ఒక చీటీ అంటించి ఉంది. మ్యూజియం నంబర్లే అనుకున్నాను. ఇక చెలరేగిపోయాను.

"ఈ మంచం మీద సివిల్ వార్ జనరల్ ఒకాయన పడుకునేవాడు."

తనాకా గారు రాసుకున్నారు.

"ఆ అద్దం ఆయన భార్యది."

అదీ రాసుకున్నారు. "ఇన్ని వివరాలు ఎలా తెలుసు మీకు?"

"చెప్పాను కదా, నెలకోసారి వస్తుంటానని!"

వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "నెలకోసారా? మా అమ్మ దగ్గరికా?"

నలభై ఐదేళ్ళ అమెరికన్ ఆవిడ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అదే సమయంలో ఒకాయన టేబుల్ లైటు చంకన పెట్టుకుని బయటికి నడుస్తున్నాడు. ఏ మ్యూజియంలోనూ అలా పట్టుకుపోనివ్వరు. అప్పుడు వెలిగింది నాకు. పెద్దావిడ చనిపోయింది. ఆవిడ సామాన్లన్నీ ఇంట్లోనే అమ్మకానికి పెట్టారు. నేను ఆవిడ మంచం మీద చెయ్యి వేసి కథలు చెబుతున్నాను.

నిజం చెప్పేయాల్సింది. కానీ పక్కన తనాకా గారు, బుర్రలో మండే నాటి ఎక్స్‌టెన్షన్.

"అవునండీ," అన్నాను.

"ఏం మాట్లాడుకునేవారు?"

"వాతావరణం గురించి."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఫోన్ చేస్తే నాతోనూ అదే మాట్లాడేది."

తనాకా గారు నడుం వంచి ఆవిడకి నమస్కరించారు. నేనూ వంగాను. మళ్ళీ లేవకుండా అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

బయటికొస్తే బూట్లు లేవు. బల్ల దగ్గరావిడని అడిగాను.

"ఆ రెండు జతలా? పెట్టిన పది నిమిషాల్లోనే అమ్ముడుపోయాయి!" అంది సంబరంగా.

సంగతి తెలిసి కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. వాళ్ళ నాన్న రబ్బరు బూట్లు తనాకా గారికీ, వాళ్ళమ్మ గులాబీ రంగు బొచ్చు చెప్పులు నాకూ ఇచ్చింది. డబ్బు తీసుకోనంది. వాటితోనే కారు దాకా నడిచాను. ఆ చెప్పులు మెత్తగా ఉన్నాయి, అయినా ప్రతి అడుగూ గుచ్చుకుంది.

మండే రమేశన్న, "ఆయన మస్తు ఖుష్ అయిండు తమ్మీ! నీ ఎక్స్‌టెన్షన్ పక్కా!" అన్నాడు. సంతోషించాల్సిన మాట. ఏమాత్రం సంతోషం కలగలేదు. సాయంత్రం ఆ చెప్పులు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, తలొంచుకుని ఆ కూతురికి నిజం చెప్పేశాను.

ఆవిడ నవ్వింది. "తెలుసు. జనరల్ గారి దగ్గర్నుంచీ వింటూనే ఉన్నాను. ఆ మంచం నేను హైస్కూల్లో ఉండగా కొన్నాం."

"మరి నన్ను అలా ఎందుకడిగారు?"

"చివరి రెండేళ్ళూ నేను రాలేకపోయాను. ఎవరో ఒకరు వస్తుండేవారంటే వినాలనిపించింది. అబద్ధమైనా సరే."

చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి వచ్చేశాను.

వారం తర్వాత తనాకా గారి నుంచి మెయిల్. ఆయన ఇంటి గుమ్మంలో, తళతళా తుడిచిన రబ్బరు బూట్ల ఫోటో. కింద, "మీ మ్యూజియంలో ధరలు చాలా తక్కువ. జనరల్ గారి మంచం కొనేవాణ్ణే, విమానంలో పట్టదని వదిలేశాను. మా ఊరు రండి, చూపిస్తాను."

అంటే ఆ రోజు అది మ్యూజియమని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే.

కాబట్టి మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ చోటి గురించీ "నెలకోసారి వస్తుంటాను" అనను. ఎవరైనా మా అపార్ట్‌మెంట్ ఎక్కడని అడిగినా సరే, "ఏమోనండీ, ఇటువైపే ఎక్కడో ఉంటానని విన్నాను," అంటాను.