నా వంతు మైలు

నా కుడి మోకాలంటే నాకు అసహ్యం. ముసలితనంలో వచ్చిన నొప్పి కాదిది. ముప్ఫై ఏళ్ళు నిండకముందే పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పొద్దున లేచి కాలు చాపితే లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడుకి మా కోడలు మొహం చిట్లిస్తుంది. నేనూ చిట్లిస్తాను. అరవై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆ కోడలే. నేర్చుకుని ఏం రాస్తావని అడిగితే మోకాలి సంగతి రాస్తానన్నాను. నవ్వింది. నవ్వే సంగతి కాదు.

బస్తరు రాజ్యం ఉన్న రోజుల్లో నేను టపా రన్నరును. అప్పుడు టపా సంచిని మనుషులే మోసేవాళ్ళు, అంచెలంచెలుగా. నా అంచె భోపాల్‌పట్నం నుంచి జగదల్‌పూర్ దారిలో అయిదు మైళ్ళు. అయిదో మైలు దగ్గర వాగు ఒడ్డున ఒక గుడిసె ఉండేది. అవతలి అంచె రన్నరు తన సంచితో అక్కడికి వచ్చేవాడు. నాది అతనికిచ్చి, అతనిది నేను తీసుకుని, ఎవరి దారిన వాళ్ళం వెనక్కి. పోను అయిదు, రాను అయిదు, రోజూ. భుజాన బల్లెం, బల్లేనికి గంటలు. నడవకూడదు, పరిగెత్తాలి. ఒంటికి మంచిదని పొద్దున్నే పరిగెత్తేవాళ్ళను ఈమధ్య జగదల్‌పూర్‌లో చూశాను. వాళ్ళను చూస్తేనే నాకు మోకాలు సలుపుతుంది.

ఇంత నొప్పితో ఎందుకు పరిగెత్తావని అడిగేవాళ్ళకు వెట్టి అంటే ఏమిటో తెలియదు. మేం దాన్ని బేగారి అనేవాళ్ళం. అధికారి పర్యటనకు వస్తే ఊళ్ళో కంటబడ్డ మగవాడినల్లా పట్టుకుపోయేవాళ్ళు. కోతలున్నా సరే, పెళ్ళాం పురిట్లో ఉన్నా సరే. నేను రన్నరు కాకముందు ఒకసారి మూడు రోజులు ఒక దొర స్నానం చేసే రేకు తొట్టి మోశాను. తిండి నాదే, ఇంటినుంచి మూట కట్టుకుపోయిన జొన్నలు. మూడో రోజు ఆ తొట్టిని నా చేతే కడిగించారు. ఆయన ఒంటి మురికి అంచున జిడ్డుగా గడ్డకట్టి ఉంది. గోరుతో గీకాను. ఆ గోరుతోనే అన్నం తినాలి కదా.

రన్నరు నడుముకు తోలు పట్టా ఉంటుంది, దానికి ఇత్తడి బిళ్ళ. బిళ్ళ ఉన్నవాణ్ణి ఎవడూ బేగారికి పట్టకూడదు. నాకు ఆ కొలువులో కావలసింది అదొక్కటే. కుంటుతున్నాడని తెలిస్తే బిళ్ళ ఊడబెరుకుతారు. అందుకని కుంటకూడదు. అంతే.

ఒక వానాకాలం వాగు దాటుతూ నాచు మీద కాలుజారి పడ్డాను. సంచి తడవకుండా పైకెత్తి పట్టుకున్నాను కాబట్టి బరువంతా మోకాలి మీద పడింది. సంచి పొడిగా చేరింది. మోకాలు ఆ రోజు నుంచి నాది కాకుండా పోయింది. మొదటి మైలు కొరుకుతుంది, రెండో మైలు కాస్త ఊరుకుంటుంది, మూడో మైలు నుంచి మేకు దిగినట్టు ఉంటుంది. ఇంటికొచ్చి కూర్చుంటే గుమ్మడికాయలా ఉబ్బుతుంది.

ఇక వైద్యాలు. ఇప్పనూనె రాసి తోమారు, ఇల్లంతా కమురు కంపు. మేక కొవ్వు కట్టారు, ఈగలు ముసిరాయి. పక్కూరి వెజ్జు కొడవలి కొన కాల్చి మూడు వాతలు పెట్టాడు. ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. చూసినవాళ్ళు అవేమిటని అడుగుతారు, చెబితే అయ్యో అంటారు. అయ్యో అనేవాళ్ళన్నా నాకు అసహ్యమే. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఒక పెద్దమనిషి ఆకు పేరొకటి చెప్పేవాడు. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద తెలివితక్కువ పని నేనే చేశాను. రన్నర్లందరం మడమలు పగిలితే నల్లజీడి గింజ కాల్చి, కారే రసం పగుళ్ళలో ఒక్క చుక్క పెట్టుకునేవాళ్ళం. పగులు మాడి మూసుకుపోయేది. మడమను బాగు చేసేది మోకాలిని ఎందుకు చెయ్యదు అనుకున్నాను. నా పెళ్ళాం వద్దన్నది, జీడి పొంగుతుందన్నది. మడమ తోలు వేరు, మోకాలి తోలు వేరన్నది. నువ్వు రన్నరువా, నేను రన్నరునా అని అరిచి, పది గింజల రసం మోకాలి చుట్టూ పూసుకున్నాను.

తెల్లవారేసరికి కాలు తొడదాకా పొంగింది. బొబ్బలు లేచి చితికాయి. చీము, రసి, కుళ్ళిన పండు వాసన. పంచె అతుక్కుపోతే నీళ్ళు పోసి ఊడదీయాలి, తోలు దానితోబాటే వచ్చేది. అలాగే పరిగెత్తాను. ఊరి బయట కుక్కలు వాసన పట్టి వెంటపడ్డాయి. బల్లెంతో అదిలించి పరిగెత్తాను. నా కాలు నేనే చూసుకోలేక ఎదురుగా చూస్తూ పరిగెత్తాను.

నేను కుంటడం ఎవరూ చూడనవసరం లేదు, గంటలే చెప్పేసేవి. రెండు కాళ్ళూ సమంగా పడితే గంటలు సమంగా మోగుతాయి. కుంటితే ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. అవతలి అంచె రన్నరు గుడిసెలో కూర్చునే నా సంగతి కనిపెట్టాడు. అతను దోర్ల తెగ మనిషి, నాకంటే అయిదారేళ్ళు పెద్ద. వరసలేమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. నేను దగ్గరికి రాగానే అన్నాడు, “ఏంది బావా, నీ గంటలు కల్లు తాగినయా?”

పంచె ఎత్తి చూపించాను. అతను ముక్కు మూసుకోలేదు. వంగి చూసి, పిచ్చోడివా ఏంది, గింత జీడి ఎవడన్న పూస్తడా అన్నాడు. పంచె తనే దించి, “రేపటి సంది మద్దిచెట్టు కాడికి నేనొస్త. నువ్వాడ ఆగు,” అన్నాడు.

మద్దిచెట్టు గుడిసెకు మైలు ఇవతల, నా అంచెలో ఉంది. సంచులు గుడిసెలోనే మార్చాలన్నది కొలువులో మొదటి నియమం. దొరికితే ఇద్దరికీ ముప్పే. ఆ మాట అంటే, ఈ అడవిలో మనల్ని చూసేదెవరు బావా, ఎలుగులా అని నవ్వాడు. అతని మడమలు చూశాను. పగుళ్ళలో బియ్యపు గింజ పడితే కనబడదు. అతనికీ రోజుకు పదిమైళ్ళే. నా మైలు పోను, రాను కలిస్తే పన్నెండు. వద్దని ఒక్కసారన్నాను. రెండోసారి అనలేదు.

నెలన్నరకు పుండు మానింది. పక్కు రాలిపోయి లేత తోలు వచ్చింది. లోపలి నొప్పి ఉంది, అది ఎప్పుడూ ఉండేదే. కానీ గుడిసె దాకా పరిగెత్తగలను. అతనికి చెప్పలేదు. రోజూ మద్దిచెట్టు దగ్గరికొచ్చి, ఎట్లుంది బావా అని అడిగేవాడు. గట్లనే ఉన్నది అనేవాణ్ణి. నొప్పి ఉన్నమాట నిజమే కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. దసరా వెళ్ళిపోయింది, చలి వచ్చింది. అతను తన కాళ్ళ మీద నా మైలు పరిగెత్తుతూనే ఉన్నాడు. మడమల్లో నెత్తురు చూశాను. చూసి మొహం పక్కకు తిప్పుకున్నాను. మోకాలి మీద అసహ్యం అని మొదట రాశాను. రాయడం కొత్త, తప్పులొస్తాయి.

ఒక రోజు అవతలి రన్నరు గుడిసె దాటి మద్దిచెట్టు వైపు వచ్చాక, టపా ఓవర్సీరు ముందుగా చెప్పకుండా తనిఖీకి వచ్చి గుడిసెలో కూర్చున్నాడు. నేను అప్పటికే మద్దిచెట్టు దగ్గర సంచి మార్చుకుని వెనక్కి తిరిగాను. అతను నా సంచి భుజాన వేసుకుని గుడిసెకు చేరితే, ఎదురుగా ఓవర్సీరు. తన అంచె కాని దిక్కు నుంచి వస్తున్నాడని గంటలు ముందే చెప్పేశాయి. మర్నాడు ఇద్దర్నీ గుడిసె దగ్గరికి పిలిపించాడు.

ఓవర్సీరుకు తెలుగు అర్థమవుతుంది గానీ పలకదు, హిందీలో మాట్లాడాడు. సంచి దారిలో ఎందుకు మారిందని మొదట నన్నే అడిగాడు. నా కాళ్ళ వైపు చూసి, “లంగ్డా హై క్యా?” అన్నాడు. కుంటివాడివా అని.

అతను నా పక్కనే ఉన్నాడు. నేనే చెబుతానని ఆగాడు.

కాలు బాగానే ఉందన్నాను. అతనే తొందరపడి ముందుకొస్తాడు, ఎందుకో నాకు తెలియదన్నాను.

ఓవర్సీరు నన్ను దారి మలుపు దాకా పరిగెత్తి రమ్మన్నాడు. బల్లెం తీసుకుని పరిగెత్తాను. ఆ ఒక్క రోజు ఆ దిక్కుమాలిన మోకాలు చెప్పినమాట విన్నది. మేకు దిగుతూనే ఉంది, పళ్ళు కరుచుకుని రెండు కాళ్ళూ సమంగా వేశాను. గంటలు పెళ్ళి ఎడ్ల గంటల్లా మోగాయి. తిరిగొచ్చేసరికి ఓవర్సీరు తల ఊపాడు. అతను మాత్రం నా మోకాలి వంకే చూస్తున్నాడు. ఎప్పటి నుంచి బాగుందో లెక్క వేసుకుంటున్నాడని నాకు అర్థమైంది.

ఇప్పుడు ఓవర్సీరు అతన్ని అడిగాడు. నేను చెప్పింది నిజమేనా అని.

“ఔ దొరా. నేనే పోయిన,” అన్నాడు.

పట్టా అతనే విప్పి ఇచ్చాడు. బిళ్ళ పోయిన చోట నడుము మీద తోలు తెల్లగా ఉంది. బల్లెం గుడిసె గోడకు ఆనించి పోయాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి జరిగింది చెబితే నా పెళ్ళాం అన్నం పెట్టి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి పోయింది. అయినా తిన్నాను. మర్నాడు పరిగెత్తాలి.

అతని చోట కొత్త రన్నరు వచ్చాడు. నేను గుడిసె దాకా, నా అయిదు మైళ్ళూ పరిగెత్తాను. ఒక్క మాటు కూడా ఆలస్యం కాలేదు.

ఎండాకాలం మొదట్లో ఎవరో పెద్ద అధికారి మా వైపు పర్యటనకు వచ్చాడు. నేను నాలుగో మైల్లో ఉండగా ఎదురుగా బేగారి గుంపు కనబడింది. ఇరవై మంది దాకా, తలల మీద పెట్టెలు, డేరాలు, మంచాలు, వెంట కర్రలతో అధికారి బంట్రోతులు. రన్నరు వస్తుంటే దారిలో ఎవరున్నా పక్కకు తప్పుకోవాలి, అది రాజ్యమంతటా ఉన్న పద్ధతి. గంటలు వినగానే గుంపంతా దారి దిగింది. ఆ చోట దారికి రెండు పక్కలా రేగు ముళ్ళకంప. నెత్తిన బరువుతో, ఉత్త కాళ్ళతో ఆ కంపలోకి దిగి నిలబడ్డారు.

చివర అతనున్నాడు. డేరా గుంజల కట్ట భుజం మీద. మడమ కింద ముల్లు దిగితే కాలు ఎత్తలేక, బరువు దించలేక, ఒంటికాలి మీద ఊగుతున్నాడు. నా గంటలు తడబడ్డాయి. ఆగబోయాను.

“ఆగకు బావా,” అన్నాడు. “వాళ్ళు చూస్తున్నరు. ఉరుకు.”

అతని గొంతులో కోపం లేదు, ప్రేమ కూడా లేదు. సాటి రన్నరుకు పని చెప్పినట్టు చెప్పాడు. నేను ఆగలేదు. మద్దిచెట్టు దాటాను, గుడిసెకు చేరాను. కొత్త రన్నరు సంచి అందుకుని వేళకే వచ్చావన్నాడు.