ఎర్మెక్ అన్న నోరు విప్పడు

ఎర్మెక్ అన్న ఎవరికీ ఏదీ చెప్పడు. అదొక్కటే ఆయన జబ్బు. టైమెంతైందని అడిగినా "నీకెందుకు?" అంటాడు. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయన పక్క కుర్చీలో మూడు నెలలు వేగాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా దేశంలో మగవాళ్లంతా ఉన్నితో చేసిన పొడుగాటి కల్పక్ టోపీ నెత్తిన పెట్టుకుంటారు. ఈయన పాస్‌వర్డు కొట్టేటప్పుడు దాన్ని కీబోర్డు మీద బోర్లించి, కిందనుంచి చేతులు దూర్చి కొడతాడు. పుట్టినరోజు ఎప్పుడో చెప్పడు. చెబితే ఎవడో తన ఖాతాలోకి దూరిపోతాడట! విసుగొచ్చి మేమే మార్చిలో ఓ తేదీ ఖాయం చేసి కేకు తెచ్చాం. రెండు ముక్కలు తిన్నాడు. "ఇవాళేనా అన్నా?" అంటే మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

నేను చేరిన రోజే నా మీద పడ్డాడు.

"బురుల్, నీ పాస్‌వర్డు గుర్రం పేరు కదూ?"

"మీకెలా తెలుసు?"

"పొద్దున టీ దగ్గర మీ తాత గుర్రం గురించి అరగంట చెప్పావు. ఆ పేరు, దాని వెనక నువ్వు పుట్టిన సంవత్సరం. దొంగయితే టీ చల్లారేలోపే ఊహించేస్తాడు."

జేబులోంచి పిల్లలాడుకునే గొర్రె ఎముకలు తీశాడు. అవి విసిరి, ఏ వైపు పడితే దాన్నిబట్టి పెద్ద జాబితాలోంచి ఒక్కో మాట ఏరాలట. మన బుర్రతో ఏరితే ఎవరైనా ఊహిస్తారట. ఆఫీసంతా పని మానుకుని చూస్తుంటే సిగ్గుతో చస్తూ ఎముకలు విసిరాను. ఏడు మాటలొచ్చాయి. నా లాప్‌టాప్‌లో ఉన్నదంతటికీ వాటితోనే తాళం వేయించాడు. రోజుకు ఇరవైసార్లు ఆ ఏడు మాటలూ కొట్టేదాన్ని, ఇరవైసార్లూ ఆయన్ని తిట్టుకునేదాన్ని.

మా ఆఫీసులో ఇంకో ఆచారం. తెరకు తాళం వేయకుండా లేస్తే, పక్కవాళ్లు మన కంప్యూటర్‌లోంచే "రేపు అందరికీ సమ్సాలు నేను తెస్తాను" అని రాసేస్తారు. తేవాల్సిందే. మంచినీళ్లకు లేచినా వదిలేవాడు కాదు మహానుభావుడు. వేడివేడి మాంసం సమ్సాలు మోసి మోసి నా చేతులు పడిపోయాయి.

మూడో నెల చివరి వారం, ఓష్ బజారు దగ్గర మినీబస్సు దిగి చూసుకుంటే సంచీ తేలికైపోయింది. ఎవడో కోసి లాప్‌టాప్ లాగేశాడు. అందులో ఓ ఆసుపత్రి రోగుల వివరాలున్నాయి. చేరిన మూడు నెలల్లోపు ఏది పోగొట్టినా ఆరోజే ఇంటికి పంపుతానని మా యజమాని బోలొత్ ముందే చెప్పాడు. పంపితే నేను మా ఊరు నరీన్ వెళ్లి మా మామ కొట్లో మేకులు తూచుకోవాలి. ఎర్మెక్ అన్నకు ఫోన్ చేశాను.

తిడతాడనుకున్నాను. "నీకేం తగల్లేదుగా?" అన్నాడు. "లాప్‌టాప్ పూర్తిగా ఆపే ఉంచావా?"

"ఆపేశాను అన్నా."

"అయితే ఆ ఏడు మాటలు లేకుండా అది ఉత్త రేకుముక్క. నువ్వు మెల్లగా రా."

నేను వెళ్లేసరికి ఆఫీసు కంప్యూటర్లలో నా పేరుమీద తెరుచుకునే తలుపులన్నీ మూసేశాడు. జరిగింది కాగితం మీద రాసి బోలొత్‌కి ఇచ్చాడు. బోలొత్ కేకలు వరండాలోకి వినిపిస్తున్నాయి.

"ఇందులో పేరేదయ్యా?"

"ఇలాంటి కాగితంలో పేర్లు రాయం. ఏ తాళం నిలిచింది, ఏది నిలవలేదు, అంతే. పేరు రాస్తే ఇంకోసారి పోగొట్టుకున్నవాళ్లు భయంతో రెండు రోజులు దాస్తారు. అప్పుడు నిజంగా మునుగుతాం."

"యజమానిని, నేనడుగుతున్నాను. ఎవరిది?"

"మీకెందుకు?"

బోలొత్ మండిపడుతూ బయటికొచ్చి బల్లలన్నీ వరసగా చూశాడు. ఇక దొరికిపోయాననుకున్నాను. తీరా చూస్తే నా బల్ల మీద ఓ లాప్‌టాప్ ఉంది. అందరి బల్లల మీదా ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఎర్మెక్ అన్న బల్ల ఒక్కటే.

బోలొత్ ఆ బల్లకేసి, ఆయనకేసి మార్చిమార్చి చూశాడు. ఏమనుకున్నాడో, కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. ఆ రోజు ఎవరి ఉద్యోగమూ పోలేదు.

సాయంత్రం దగ్గరికెళ్లి, "అన్నా, మీరు చేసిన మేలు..." అనబోయాను.

"ఏం మేలు? ఎవరిదో లాప్‌టాప్ పోయిందట. ఎవరిదో నాకు గుర్తులేదు."

తన ఇరవైనాలుగు మాటల పాస్‌వర్డు పొల్లుపోకుండా గుర్తుంచుకునే మనిషి! నోరారా ఒక్క మంచిమాట అననివ్వని ఇలాంటివాడి మీద కోపం రాక ఇంకేం వస్తుంది, మీరే చెప్పండి.