పై వాటా అమ్మాయి ఐరిస్ దుంపలు

పై వాటాలో కిరాయికి ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోతూ ఒక మట్టికుండీ నా చేతుల్లో పెట్టింది. అందులో అల్లం కొమ్ముల్లాంటి దుంపలు మూడు, వాటి కొసల్లో విసనకర్రలా విచ్చుకున్న కురచ ఆకులు. వాళ్లది హిమాచల్ కొండల్లో ఊరు. ఆ మొక్క పేరు ఐరిస్ అట. జానెడు ఎత్తు దాటదు, పూరేకు మీద గడ్డంలాంటి నూగు ఉంటుంది. అక్కడ మంచు కరిగాక ఒకసారి, మళ్లీ చలి ముదిరే ముందు ఇంకోసారి పూస్తుంది. మా పుప్పాలగూడకు తెచ్చి రెండేళ్లయినా ఒక్క మొగ్గ వేయలేదు.

"పూయకపోయినా ఫరవాలేదు దీదీ, బతికుంటే చాలు," అంది హిందీలో. "దుంప వీపు ఎండకు కనపడాలి. నీళ్లు వారానికి ఒక చిన్న గ్లాసు, అంతే."

నేను బడికి పోలేదు. ఇంట్లో మా నాన్న పలక మీద దిద్దించిన అక్షరాలే నా చదువు. ఆ అక్షరాలతోనే ఆమె చెప్పినవన్నీ రాసి వంటింటి అలమర తలుపుకు అంటించాను. ఆ మాత్రం చదువు ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

మా అత్తమ్మ కుండీ చూసి నవ్వింది. "ఏందే ఇది, పసుపుకొమ్ములు పైకి తేలినట్టున్నయి. జర మన్ను కప్పరాదా?"

"కప్పొద్దన్నది అత్తమ్మా."

"గడ్డకు మన్ను వద్దా? ఈ సాఫ్ట్‌వేరోళ్ల సేద్యం గిట్లనే ఉంటది."

ఎండాకాలం నా భయమంతా ఎండతోనే. పొద్దున తూర్పు నుంచి ఒక ఎండ, నానక్‌రామ్‌గూడ వైపు అద్దాల మేడ మీద పడి తిరిగి కొట్టే ఎండ ఇంకొకటి. కుండీని గంటకోసారి నీడకు జరిపేదాన్ని. వానాకాలం వచ్చాక మబ్బు పడితే చాలు, చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరుగెత్తి సజ్జ కిందికి చేర్చేదాన్ని.

ఆ వానల్లోనే ఆమె ఫోన్ చేసింది. కొండచరియ జారి వాళ్ల ఇంటి వెనక ఐరిస్ మడి మొత్తం పోయిందట. మనుషులకేమీ కాలేదు. "మా నానమ్మ నాటిన మడి దీదీ. ఇక మీ దగ్గరున్నవే మిగిలాయి."

ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా సహించలేదు.

కార్తీకం వచ్చింది. వానలు వెనకబట్టాయి, ఎండ మెత్తబడింది. గండం గడిచిందనుకున్నాను. ఆ నెలంతా పొద్దున్నే శివుడికి అభిషేకం చేయడం మా ఇంటి అలవాటు. పాలు, తేనె కలిసిన ఆ జలం కాలికి తగలకూడదు, చెట్టు మొదట్లో పోయాలి. ఏటా మందారానికి పోసేదాన్ని. ఈసారి ఐరిస్‌కు పోశాను, ఆయుష్షు కావలసింది దానికే కదా అని. వారానికొక గ్లాసు మాత్రం కాగితంలో రాసుకున్నట్టే కొలిచి పోసేదాన్ని. అభిషేకజలం కూడా నీళ్లేనని నా మనసుకు తట్టనే లేదు.

పౌర్ణమి దాటాక ఒక ఆకు పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. దుంపను నొక్కితే వేలు దిగింది. కత్తిపీట మీద కుళ్లినంత మేర కోసేశాను. రెండు దుంపలు మొత్తం పోయాయి, మూడోదాంట్లో బొటనవేలంత ముక్క గట్టిగా మిగిలింది. కోసిన చోట పసుపు అద్ది ఆరబెట్టాను. స్వామీ, ఇంతైనా ఉంచావు అనుకున్నాను.

ఆమె రోజూ వీడియో కాల్ చేస్తోంది. మూడు రోజులు ఎత్తలేదు.

"ఎన్ని దినాలు దాస్తవే?" అంది అత్తమ్మ.

"ఏమని చెప్పాలె అత్తమ్మా?"

"కుళ్లిందని చెప్పు. ఇంకేం చెప్తవు."

నాలుగో రోజు ఎత్తాను. పాలు, తేనె, నా తెలివితక్కువతనం, అన్నీ చెప్పాను. అవతల పసిపాప గునుస్తోంది.

"దగ్గరగా చూపించండి దీదీ," అంది.

ఫోన్ ఆ ముక్క పక్కకు తెచ్చాను.

"కింద తెల్లగా ఏదో ఉంది. వేరా, బూజా?"

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. వేరు అనే చెప్పాలని ఎంత ఉన్నా నోరు రాలేదు. "తెలియడం లేదు తల్లీ."

"అయితే ముట్టుకోకండి. వారం చూద్దాం. రోజూ చేస్తాను. ఫోన్ ఎత్తుతారు కదా?"

"ఎత్తుతాను," అన్నాను.