పొట్టి వాక్యం

కొత్తపేటలో మేం చదువుకున్న ఆడపిల్లల హాస్టల్లో నవలలు నిషేధం. దొరికితే వంటింటి పొయ్యిలో పెట్టేసేవారు. అయినా డెబ్బైల చివర్లో అట్ట ఊడిపోయిన నవల ఒకటి మా రేకుపెట్టెల్లో తిరుగుతూనే ఉండేది.

రోజూ సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కరం కంఠతా పట్టిన బైబిలు వాక్యం చెప్పాలి, మిగతావాళ్లు ఆమెన్ అనాలి. ఆ వారం నవల నా పక్క చాప పిల్ల దగ్గరుంది. తన వంతు రాగానే లేచి, కళ్లు మూసుకుని, "తలుపు ఎవరు తీస్తారా అని చూడకు, గడియ నీ వైపే ఉంది" అంది. అది నవలలో మాట, ఆ వారమంతా తన నోట్లో నానుతున్నది. అలవాటుకొద్దీ అందరం ఆమెన్ అనేశాం.

"ఎంత మంచి వాక్యమమ్మా! ఏ అధ్యాయం?" అన్నారు వార్డెనమ్మగారు.

ప్రార్థనలో అబద్ధమాడటం తెలియని పిల్ల. నిజం చెప్పేసింది.

అంతే, మంచి వాక్యం కాస్తా పాపమైపోయింది! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పిల్లని తీసుకుపొమ్మని కబురెళితే, మర్నాడు వాళ్ల నాన్న కూలి మానుకుని వచ్చాడు. "ఈ ఒక్కపాలికి వదిలేయండమ్మగారూ, పిల్ల సదువు పోద్దండి" అని గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని బతిమాలాడు. ఆవిడ తలెత్తలేదు. ఆయన కూతురి పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. వెనకాలే ఆ పిల్ల వెళ్లిపోయింది. మళ్లీ బడి మొహం చూడలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో మొదటి పిల్ల లేచి, యేసు ప్రభువు ఏడ్చాడని చెప్పే వాక్యం చెప్పింది, అన్నిటికన్నా పొట్టిదని మేం చెప్పుకునేది. రెండో పిల్లా అదే చెప్పింది. నేనూ అదే. ఎవరూ కూడబలుక్కోలేదు. హాలు చివరిదాకా అదే వాక్యం.

ప్రతిసారీ వార్డెనమ్మగారు ఆమెన్ అనాల్సి వచ్చింది.